టంగ్‌స్టన్ డైవర్టర్ ఏడాదికి 5 సెంటీమీటర్లు అరుగుతుందా? నా లెక్కలో తప్పెక్కడుంది?

#1 లెక్కలమారి
ఫ్యూజన్ యంత్రంలో ప్లాస్మా నుంచి వచ్చే వేడినీ, వ్యర్థ కణాలనూ తీసుకునే భాగం డైవర్టర్. దాని టార్గెట్ (ప్లాస్మా తాకే పలక) మీద అయాన్ ఫ్లక్స్, అంటే వచ్చి పడే అయాన్లు, చదరపు మీటరుకు సెకనుకు 10²⁴ అనుకున్నా. స్పటరింగ్ ఈల్డ్ 10⁻⁴, అంటే పదివేల అయాన్లు కొడితే ఒక టంగ్‌స్టన్ పరమాణువు ఊడుతుంది. టంగ్‌స్టన్‌లో ఘనపు మీటరుకు 6.3×10²⁸ పరమాణువులు. భాగిస్తే అరుగుదల సెకనుకు 1.6 నానోమీటర్లు వచ్చింది. ఏడాదికి 3.15×10⁷ సెకన్లు కాబట్టి, ఆగకుండా నడిస్తే 5 సెంటీమీటర్లు! ఐటర్ (ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ యంత్రం) మోనోబ్లాక్‌లో, అంటే డైవర్టర్ మీద పరిచే టంగ్‌స్టన్ దిమ్మలో, నీటి గొట్టం పైన ఉండే టంగ్‌స్టన్ మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లే. ఈ లెక్కన రెండు నెలలు నిండకుండానే గొట్టం బయటపడాలి. మరి అందరూ టంగ్‌స్టన్ ఏళ్ల తరబడి ఆగుతుందంటున్నారు. గుణకారం మూడుసార్లు సరిచూశా. ఎక్కడ పోతోంది?

#2 గోడమేస్త్రి
గుణకారం బాగానే ఉంది. ఊడిన పరమాణువు ఎటు పోయిందో మాత్రం లెక్కలో లేదు. నువ్వు కట్టింది స్థూల అరుగుదల, అంటే ఊడినదంతా. మందం తగ్గేది నికర అరుగుదల వల్ల, అంటే ఊడినదాంట్లో తిరిగొచ్చి పడింది పోగా మిగిలింది. ఆ రెంటికీ మధ్య వంద రెట్లు తేడా ఉండొచ్చు.

#3 తొడుగుతాత
అంతకంటే ముందు, ఆ 10⁻⁴ ఎక్కడిది తమ్ముడూ? ఏ అయాన్, ఏ శక్తి అన్నది చెప్పకుండా ఈల్డ్ చెప్పడం అంటే ఊరు పేరు లేని ఉత్తరం వేసినట్టే.

#4 లెక్కలమారి
ఒక గ్రాఫులోంచి తీశా తాతా. డ్యుటీరియం మీద టంగ్‌స్టన్... సారీ, టంగ్‌స్టన్ మీద డ్యుటీరియం (ఇంధనంగా వాడే బరువు హైడ్రోజన్). 250 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్) దగ్గర చూసినట్టు గుర్తు.

#5 తొడుగుతాత
అనుకున్నా. ఇప్పుడు చూడు. గోడకీ ప్లాస్మాకీ మధ్య సన్నని తొడుగు ఉంటుంది. ఎలక్ట్రాన్లు తేలిక, వేగం ఎక్కువ, ముందే గోడ చేరి దాన్ని ఋణాత్మకం చేస్తాయి. ఆ వోల్టేజీ అయాన్లను గోడ వైపు లాగుతుంది. గోడను తాకేటప్పుడు అయాన్ శక్తి సుమారుగా: అయాన్ ఉష్ణోగ్రతకు రెండింతలు, దానికి తోడు ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు మూడింతల్ని అయాన్ ఆవేశంతో గుణించినంత.

రెండు ఉష్ణోగ్రతలూ 20 ఈవీ అనుకో (ప్లాస్మాలో ఉష్ణోగ్రతనూ ఈవీల్లోనే చెబుతాం). డ్యుటీరియం ఆవేశం 1. అంటే 40 + 60 = 100 ఈవీ. టంగ్‌స్టన్‌ను డ్యుటీరియం ఊడగొట్టాలంటే కనీసం 220 ఈవీ దాకా కావాలి. 100 ఈవీ దగ్గర ఈల్డ్ 10⁻⁴ కాదు, సున్నా.

ఎందుకంత గడప అంటే బరువుల తేడా. ముఖాముఖి గుద్దుకున్నా డ్యుటీరియం తన శక్తిలో సుమారు 4 శాతమే టంగ్‌స్టన్‌కు ఇవ్వగలదు. గోళీతో గుండ్రాయిని కొట్టినట్టు. పైగా టంగ్‌స్టన్ పరమాణువు ఉపరితలం వదలాలంటే 8.7 ఈవీ కావాలి. బెరీలియానికైతే 3.4 చాలు, దాని గడప 10 ఈవీ ప్రాంతంలోనే ఉంటుంది. కార్బన్‌ది 30 దాపు.

#6 లెక్కలమారి
అయితే డైవర్టర్ అసలు అరగనే అరగదా? ఇప్పుడు లెక్క ఇంకో వైపు పడిపోయింది.

#7 తొడుగుతాత
శుద్ధమైన డ్యుటీరియం ఉంటే నిజంగానే అరగదు. శుద్ధమైన ప్లాస్మా కాగితం మీదే ఉంటుంది. అందులో ఆక్సిజన్, కార్బన్, బోరాన్, కావాలని వదిలిన నియాన్ లేదా నైట్రోజన్, రేపు ఫ్యూజన్ బూడిదగా హీలియం ఉంటాయి. వీటికి రెండు బలాలు. ఆవేశం ఎక్కువ కాబట్టి తొడుగులో ఎక్కువ శక్తి పుంజుకుంటాయి. బరువు ఎక్కువ కాబట్టి ఆ శక్తిని బాగా అందిస్తాయి. నియాన్ ఒక్క దెబ్బలో గరిష్ఠంగా 35 శాతం దాకా ఇవ్వగలదు.

10 ఈవీ ప్లాస్మాలో ఆవేశం 3 ఉన్న నియాన్‌ను తీసుకో: 20 + 90 = 110 ఈవీ. దాని గడప 40 ఈవీ ప్రాంతం, కాబట్టి హాయిగా దాటేసింది. అక్కడ ఈల్డ్ 10⁻² శ్రేణిలో ఉంటుంది. ఫ్లక్స్‌లో నూటికి ఒక వంతు నియాన్ అయితే సగటు ఈల్డ్ ఎంత? 10⁻⁴.

అంటే నీ అంకె సరైనదే, కారణమే తప్పు. పరీక్షలో పక్కవాడి జవాబు చూసి రాసినట్టుంది.

#8 లెక్కలమారి
😅 అంటే 5 సెంటీమీటర్లు మళ్ళీ వచ్చిపడింది.

#9 కోడ్‌కూలీ
ఇప్పుడు మేస్త్రి చెప్పినదానికి వద్దాం, అసలు విషయం అక్కడే ఉంది.

ఊడిన టంగ్‌స్టన్ తటస్థ పరమాణువుగా కొన్ని ఈవీల శక్తితో బయల్దేరుతుంది. 5 ఈవీ అంటే సెకనుకు 2.3 కిలోమీటర్ల వేగం. డైవర్టర్ దగ్గర ప్లాస్మా చిక్కగా ఉంటే మిల్లీమీటరులో కొంత భాగం దాటగానే దాని ఎలక్ట్రాన్ ఊడి అయాన్ అవుతుంది. అయాన్ అయిన మరుక్షణం అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టుకుంటుంది. 5 టెస్లాలో, 5 ఈవీ టంగ్‌స్టన్ అయాన్ తిరిగే వృత్తం వ్యాసార్ధం సుమారు 0.9 మిల్లీమీటరు. అయాన్ అయింది గోడకు ఆ దూరంలోపే కాబట్టి ఒక చుట్టు పూర్తికాకుండానే తిరిగి గోడకు గుద్దుకుంటుంది. దీన్నే తక్షణ పునర్నిక్షేపం అంటాం.

ఇంకో రెండు శక్తులు కూడా దాన్ని వెనక్కే తోస్తాయి. తొడుగులోనే అయాన్ అయితే అక్కడి విద్యుత్ క్షేత్రం లాగేస్తుంది. కొంచెం దూరం పోయినా గోడ వైపు పారుతున్న ప్లాస్మా ప్రవాహం రాపిడితో ఈడ్చుకొస్తుంది.

చిక్కటి ప్లాస్మాలో 99 శాతం పైగా తిరిగొస్తుందన్నది ఎరో 2.0 లాంటి కంప్యూటర్ కోడ్లలో మామూలే. 99 శాతం పెడితే నీ 5 సెంటీమీటర్లు 0.5 మిల్లీమీటరు అవుతాయి. 6 మిల్లీమీటర్ల కవచానికి ఇది బతికించే అంకె.

#10 గోడమేస్త్రి
కానీ ఆ తొమ్మిదుల మీద జాగ్రత్త. 99కీ 99.9కీ మధ్య చూడ్డానికి చిన్న తేడా, కవచం ఆయుష్షులో పది రెట్లు. రెండు పెద్ద అంకెల్లోంచి ఒకదాన్నొకటి తీసేస్తే మిగిలే చిన్న అంకె మీద ఎవరైనా రెండు దశాంశాలు చెబితే నమ్మకండి.

#11 కోడ్‌కూలీ
ఒప్పుకుంటా. పైగా సాంద్రత పదో వంతుకు పడితే అయాన్ అయ్యే దూరం పది రెట్లు పెరుగుతుంది, అప్పుడు తక్షణ పునర్నిక్షేపం చప్పబడిపోతుంది. స్ట్రైక్ పాయింట్ (ప్లాస్మా ప్రవాహం టార్గెట్‌ను ప్రధానంగా తాకే చోటు) దగ్గర 99 వచ్చింది కదా అని అదే అంకెను 20 సెంటీమీటర్ల అవతల వాడటం కోడ్ కొత్తగా నడిపేవాళ్ళు చేసే మొదటి తప్పు.

#12 గ్రాఫైట్‌భక్తుడు
ఈ తిప్పలన్నీ ఎందుకు? కార్బన్ కరగదు, నేరుగా ఆవిరవుతుంది. కోర్‌లోకి (ప్లాస్మా వేడి నడిబొడ్డులోకి) కొంచెం పోయినా పెద్దగా కాంతి వెదజల్లదు, ఒక శాతం దాకా తట్టుకోవచ్చు. టంగ్‌స్టన్ లక్షలో కొన్ని పరమాణువులు చేరినా కోర్ చల్లారిపోతుంది. జర్మనీలో వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ అనే ఫ్యూజన్ యంత్రం ఇప్పటికీ కార్బన్ డైవర్టర్‌తోనే ఎంచక్కా నడుస్తోంది.

#13 వాక్యూమ్‌వాసు
అది ట్రిటియం (ఇంధనంగా వాడే రేడియోధార్మిక హైడ్రోజన్) వాడని యంత్రం కాబట్టి నడుస్తోంది. కార్బన్‌తో చిక్కు రసాయన అరుగుదల. హైడ్రోజన్ కార్బన్‌తో కలిసి మీథేన్ లాంటి వాయువులు తయారవుతాయి. దీనికి శక్తి గడప లేదు, ఉపరితలం 600 నుంచి 900 కెల్విన్ మధ్య ఉంటే మరీ ఎక్కువ. ప్లాస్మాను ఎంత చల్లార్చినా ఆగదు. ఆ హైడ్రోకార్బన్ ముక్కలు చూపు పడని చల్లటి మూలల్లో పొరగా పేరుకుంటాయి, ప్రతి పొరలోనూ ఇంధనం ఇరుక్కుంటుంది. మెత్తటి పొరల్లో కార్బన్ పరమాణువుకు దాదాపు ఒక హైడ్రోజన్ ఉంటుంది.

బ్రిటన్‌లోని జెట్ యంత్రంలో 1997 ట్రిటియం ప్రయోగాల తర్వాత లోపలికి పంపినదాంట్లో మూడో వంతు దాకా ప్లాస్మా ఉండే పాత్రలోనే చిక్కుకుపోయింది. శుభ్రం చేశాక కూడా గణనీయంగా మిగిలింది. ఐటర్‌కు పాత్ర లోపల ట్రిటియం పరిమితి 1 కిలో. కార్బన్‌తో ఆ పరిమితికి ఎన్నాళ్ళలో చేరతావో నువ్వే లెక్కేసుకో.

#14 గ్రాఫైట్‌భక్తుడు
సరే, ట్రిటియం దగ్గర ఓడిపోతా. కానీ కరిగే లోహాన్ని వేడి తగిలేచోట పెట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు.

#15 వాక్యూమ్‌వాసు
2011లో జెట్ లోపల బెరీలియం గోడ, టంగ్‌స్టన్ డైవర్టర్ పెట్టాక ఇంధనం చిక్కుకోవడం పది రెట్లకు పైగా తగ్గింది. ఐటర్ వాళ్ళు మొదటి డైవర్టర్‌లో కార్బన్ భాగం పెట్టే ఆలోచనను 2013లోనే వదిలేశారు. ఆ ఒక్క ఫలితం చాలు వాదన ముగియడానికి.

#16 ఎల్మ్‌ఎల్లయ్య
తాత చెప్పిందంతా ఈఎల్ఎమ్‌ల (ప్లాస్మా అంచున పదేపదే వచ్చే చిన్న పేలుళ్ళ) మధ్య ఉండే ప్రశాంత సమయం కథ. ఈఎల్ఎమ్ పేలినప్పుడు పెడెస్టల్‌లోని (ప్లాస్మా అంచుకు కాస్త లోపలి వేడి ప్రాంతంలోని) వేడి అయాన్లు నేరుగా టార్గెట్ మీదికి వస్తాయి. పెడెస్టల్ 1 కిలో ఈవీ అయితే వచ్చి తాకే డ్యుటీరియం శక్తి కిలో ఈవీల్లో ఉంటుంది. అప్పుడు 220 ఈవీ గడప ఎవడికి కావాలి? డ్యుటీరియం ఈల్డే వెయ్యికి కొన్ని అవుతుంది, అంటే లెక్కలమారి వాడినదానికి ముప్పై నలభై రెట్లు. జెట్‌లో టైప్-1 (పెద్ద రకం) ఈఎల్ఎమ్‌లున్న షాట్లలో (షాట్ అంటే ఒకసారి ప్లాస్మా నడపడం) టంగ్‌స్టన్ అరుగుదలలో పెద్ద వాటా ఈఎల్ఎమ్‌ల సమయంలోనిదే, మధ్యకాలంలోది కాదు. సగటు ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత పెట్టి లెక్కగట్టి "చల్లగా ఉంది, అరగదు" అంటే మోసపోయినట్టే.

#17 తొడుగుతాత
ఎల్లయ్యా, నిజమే, ఒప్పుకున్నా. అయితే ఈఎల్ఎమ్ సమయంలో సాంద్రత కూడా పెరుగుతుంది కాబట్టి తిరిగొచ్చే వాటా కూడా పెరుగుతుంది. స్థూలం పెరిగినంతగా నికరం పెరగదు.

#18 ఎల్మ్‌ఎల్లయ్య
అరుగుదల వరకు సరే. పగుళ్ళ సంగతో? అసలు భయం అది. ఉపరితలం ఎంత వేడెక్కుతుందో చేత్తోనే కట్టొచ్చు: చదరపు మీటరు మీద పడే శక్తిప్రవాహాన్ని సమయపు వర్గమూలంతో గుణించు, వచ్చినదాన్ని రెండింతలు చేసి, పై, ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం నాలుగూ కలిపిన గుణకారపు వర్గమూలంతో భాగించు. టంగ్‌స్టన్‌కు వాహకత 110, సాంద్రత 19300, విశిష్టోష్ణం 150 పెడితే భాజకం సుమారు 32 వేలు. వేడి గుణకం, అంటే మొదట చెప్పిన శక్తిప్రవాహం, సమయపు వర్గమూలాల గుణకారం, 50 మెగా యూనిట్లు అయితే ఉపరితలం 3100 డిగ్రీలు పైకి లేస్తుంది. మొదలే కొన్ని వందల డిగ్రీలుంటే 3422 దగ్గర కరుగుతుంది.

కరగడం దాకా పోనక్కర్లేదు. దాంట్లో ఎనిమిదో వంతు, అంటే 6 ప్రాంతంలో ఉన్నా లక్షలసార్లు పడితే ఉపరితలం గరుకై సన్నని పగుళ్ళు పడతాయి. సెకనుకు పదులసార్లు వచ్చే ఈఎల్ఎమ్‌లకు పది లక్షల సార్లు ఎంతసేపటి పని?

#19 అంచుఅప్పారావు
ఇంకో గొయ్యి ఉంది, ఎవరూ చెప్పలేదు. ప్లాస్మా వేడి అయస్కాంత క్షేత్రరేఖల వెంటే వస్తుంది. అవి టార్గెట్‌ను సుమారు 3 డిగ్రీల కోణంలో, దాదాపు పడుకున్నట్టు తాకుతాయి. ఉపరితలం మీద చదరపు మీటరుకు 10 మెగావాట్లు పడాలంటే రేఖ వెంబడి ప్రవాహం 10 ÷ 0.052, అంటే 190 మెగావాట్లు. ఇప్పుడు ఒక బ్లాకు పక్కదానికంటే 0.3 మిల్లీమీటరు పైకి లేచిందనుకోండి. ఆ పొడుచుకొచ్చిన అంచు రేఖకు అడ్డంగా నిలబడి 190నీ ముఖం మీద తీసుకుంటుంది.

అందుకే ఐటర్‌లో ప్రతి మోనోబ్లాకు పైభాగాన్ని ఒక వైపుకు 0.5 మిల్లీమీటరు వాలుగా చెక్కుతారు. పొరుగు బ్లాకు నీడలో అంచు దాక్కుంటుంది. దీనికి చెల్లించే మూల్యం, మిగతా ఉపరితలం మీద కోణం పెరిగి వేడి ఇంకొంచెం ఎక్కువ పడటం. జెట్‌లో 2013లో ఒక టంగ్‌స్టన్ పలకను కావాలనే పైకి నిలబెట్టి ఈఎల్ఎమ్‌లతో కరిగించి చూశారు. కరిగిన లోహం అక్కడే కారిపోకుండా, దానిలోంచి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల కరెంటు మీద అయస్కాంత బలం పనిచేసి పక్కకు నెట్టుకుపోయింది. కుప్పగా గడ్డకట్టి కొత్త అంచు తయారైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

#20 గ్రాఫైట్‌భక్తుడు
చూశారా, కరిగే లోహం అని 14లో అన్నా.

#21 అంచుఅప్పారావు
చూశాం, చూశాం. ఆ షాట్ల తర్వాత కూడా ప్లాస్మా నడిచింది అన్నది కూడా రాసుకోండి.

#22 వర్ణపటంవాణి
లెక్కలమారీ, ఇదంతా కొలవడం ఎలా అని నువ్వు అడగలేదు కానీ, అడిగుండాల్సింది. ఊడిన టంగ్‌స్టన్ అయాన్ అవ్వకముందు 400.9 నానోమీటర్ల గీతలో మెరుస్తుంది. ఫోటాన్లు లెక్కబెట్టి, ఒక ఫోటానుకు ఎన్ని అయనీకరణలు జరుగుతాయో చెప్పే గుణకంతో గుణిస్తే స్థూల అరుగుదల వస్తుంది. గమనించండి, స్థూలం మాత్రమే. తిరిగొచ్చినదాని సంగతి ఈ గీతకు తెలియదు.

తప్పులెక్కడ దొర్లుతాయంటే:
గుణకం ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతతో మారుతుంది, కాబట్టి చూపు పడే చోటే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ఆ ఉష్ణోగ్రతను కొలిచే చిన్న ఎలక్ట్రోడ్) ఉండాలి. పక్క టైలు మీది ప్రోబ్ అంకె వాడితే ఫలితం రెండు రెట్లు అటూ ఇటూ అవుతుంది. రెండోది, 400.9 చుట్టూ ఇతర గీతల ముసురు ఉంటుంది. స్పెక్ట్రోమీటర్ విభేదనం తక్కువైతే పక్క గీతను కూడా మన ఖాతాలో వేసుకుంటాం. ఫిల్టరు కెమెరాతో కొలిచేవాళ్ళు ఇక్కడే పడిపోతారు. మూడోది లోహపు గోడలకే ప్రత్యేకం, ప్రతిబింబం. ప్రకాశించే చోటు వేరు, గోడ మీద తళుక్కుమనేది వేరు. కార్బన్ నల్లగా ఉండి ఈ బాధ తప్పించేది.

#23 గోడమేస్త్రి
వాణి గారి చివరి ముక్క 12కు ఊరట.

#24 గ్రాఫైట్‌భక్తుడు
రాసి పెట్టుకున్నా, థాంక్స్.

#25 లెక్కలమారి
మరి నికర అరుగుదలను ఎలా కొలుస్తారు? పలకను తీసి తూకం వేస్తారా?

#26 మార్కర్‌మల్లేశు
తూకం ల్యాబులో చిన్న నమూనాకు సరిపోతుంది, అదీ పదుల మైక్రోగ్రాములు పట్టే కాటా ఉంటే. యంత్రంలో మార్కర్ టైళ్ళు వాడతారు. టైలు మీద మాలిబ్డినం పొర, దాని మీద కొన్ని మైక్రాన్ల టంగ్‌స్టన్. క్యాంపెయిన్ (ఒక విడత ప్రయోగాలు) ముందూ తర్వాతా అయాన్ కిరణంతో టంగ్‌స్టన్ మందం కొలిచి తేడా చూస్తారు. మాలిబ్డినం ఎందుకంటే లోతు ఎక్కడిదాకా వచ్చిందో దానితో తెలుస్తుంది. ఒకే క్యాంపెయిన్‌లో వందలాది షాట్లు కలిసిపోతాయి కాబట్టి ఏ షాట్ ఎంత అరగదీసిందో ఈ పద్ధతి చెప్పదు.

శాన్ డియెగోలోని డీత్రీ-డీ యంత్రంలో ఒక తెలివైన కిటుకు వాడారు. ఒకే తరహా లోహపు చుక్కలు రెండు, ఒకటి 1 మిల్లీమీటరు, ఇంకోటి 1 సెంటీమీటరు వెడల్పు. కోడ్‌కూలీ చెప్పిన ఆ మిల్లీమీటరు వృత్తం గుర్తుందా? చిన్న చుక్క నుంచి ఊడినవి తిరిగి పడేటప్పుడు చుక్క బయట పడతాయి, కాబట్టి దాని నష్టం దాదాపు స్థూలం. పెద్ద చుక్కలో ఊడినవి ఎక్కువ భాగం దాని మీదే పడతాయి, కాబట్టి అది నికరం. ఒకే షాట్‌లో రెండూ చేతికొచ్చాయి.

#27 లెక్కలమారి
ఇది అద్భుతం. ఎంత సింపుల్!

#28 నూగుబాబు
హీలియం మాట రాలేదింకా. టంగ్‌స్టన్ ఉపరితలం సుమారు 1000 నుంచి 2000 కెల్విన్ మధ్య ఉండి, హీలియం అయాన్ శక్తి 20-30 ఈవీ దాటితే, లోపల బుడగలు కట్టి ఉపరితలం నూగులా పైకి లేస్తుంది. తీగలు 20 నుంచి 50 నానోమీటర్ల మందం. కంటికి నల్ల మసిబొగ్గులా కనిపిస్తుంది, వేలితో రుద్దితే ఊడొస్తుంది. మందం సమయపు వర్గమూలంతో పెరుగుతుంది. ల్యాబుల్లో చాలాకాలంగా చూస్తున్నా, అసలు టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంతంతో బంధించే ఉంగరం ఆకారపు యంత్రంలో) పెరుగుతుందని 2012లో ఆల్కేటర్ సీ-మాడ్ చూపించింది.

దీని గురించి కంగారు పడేవాళ్ళు ఒకటి మరచిపోతారు. నూగు స్పటరింగ్‌ను తగ్గిస్తుంది. ఊడిన పరమాణువు పక్క తీగకే తగిలి ఆగిపోతుంది. ఇబ్బంది వేరేచోట: వేడి సరిగా పోదు, ఆర్కులు (విద్యుత్ మెరుపులు) తేలిగ్గా రాజుకుంటాయి, ఆర్కు పరుగెత్తిన దారంతా కరిగి బొట్లు చిమ్ముతాయి.

#29 వర్ణపటంవాణి
దీనికి ఇంకో కొసరు. నూగు పుట్టాక ఇన్‌ఫ్రారెడ్ కెమెరాను నమ్మొద్దు. నున్నటి టంగ్‌స్టన్ ఉద్గారకత (వేడిని కిరణాలుగా వదిలే సామర్థ్యం) 0.1-0.2 ప్రాంతం, నూగు పట్టాక 1కి దగ్గరవుతుంది. కెమెరాలో పాత విలువ అలాగే ఉంచితే, మారని ఉష్ణోగ్రతనే వందల డిగ్రీలు పెరిగినట్టు చూపిస్తుంది. షాట్ ఆపేసి "హాట్‌స్పాట్" అని అరిచే ముందు ఉద్గారకత చూసుకోవాలి. సరిగ్గా అతుక్కోని నిక్షేప పొరదీ ఇదే మాయ. పైపొర ఒక్కటే వేడెక్కి వెంటనే చల్లారుతుంది, సాఫ్ట్‌వేరు దాన్ని దిమ్మ అనుకుని లెక్కగడితే ఈఎల్ఎమ్ అయిపోయాక ఉష్ణప్రవాహం ఋణాత్మకంగా వస్తుంది. గోడలోంచి ప్లాస్మాకు వేడి పారుతోందని అర్థం! అలాంటి గ్రాఫు కనిపిస్తే అది భౌతికశాస్త్రం కాదు, పొర.

#30 తొడుగుతాత
😂 చివరి వాక్యం గోడ మీద రాసి పెట్టుకోవాలి.

#31 గోడమేస్త్రి
ఏ గోడ తాతా, అరిగేదా, అరగనిదా?

#32 వాయువులక్ష్మి
డైవర్టర్ చల్లబరచడం మీద ఒక మాట. టార్గెట్ దగ్గర ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను 5 ఈవీ లోపుకు దించితే తాత సూత్రం ప్రకారం ఆవేశం 2 ఉన్న నియాన్‌కు కూడా 10 + 30 = 40 ఈవీ. సరిగ్గా గడప మీద నిలబడుతుంది. అరుగుదల దాదాపు ఆగిపోతుంది. అందుకే డిటాచ్‌మెంట్ (వాయువు వదిలి ప్లాస్మాను టార్గెట్‌కు ముందే చల్లార్చడం) అంత ముఖ్యం, వేడి కోసమే కాదు.

దానికి వదిలే వాయువు ఎంపికలో పేచీ ఉంది. నైట్రోజన్ డైవర్టర్‌లోనే బాగా ప్రకాశిస్తుంది, జర్మనీలోని ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ టోకమాక్ వాళ్ళకు ఇష్టమైనది అదే. కానీ అది హైడ్రోజన్‌తో కలిసి అమ్మోనియా అవుతుంది. ట్రిటియం ఉన్నచోట ట్రిటియంతో నిండిన అమ్మోనియా. క్రయోపంపుల్లో (అతిశీతలంతో వాయువును లాగే పంపుల్లో) గడ్డకట్టి కూర్చుంటుంది, మామూలు పునరుద్ధరణ ఉష్ణోగ్రతలో వదలదు, ఇంధన ప్లాంటులో విడగొట్టడానికి వేరే దశ కావాలి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఐటర్ నియాన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

#33 ఎల్మ్‌ఎల్లయ్య
ఈఎల్ఎమ్ వస్తే ఆ డిటాచ్‌మెంటు క్షణంలో కాలిపోతుంది, లక్ష్మి గారూ. పెద్దదైతే నియాన్ మబ్బును చీల్చుకుని వస్తుంది.

#34 వాయువులక్ష్మి
అందుకే ముందు ఈఎల్ఎమ్‌ను అణచాలి, తర్వాత నియాన్. వరుస తప్పితే రెండూ పోతాయి.

#35 పూతపుల్లయ్య
ఐటర్ మొదటి గోడను (ప్లాస్మాకు ఎదురుగా ఉండే లోపలి గోడను) బెరీలియం నుంచి టంగ్‌స్టన్‌కు మార్చాలని 2023లో నిర్ణయించాక ఇంకో తలనొప్పి మొదలైంది. బెరీలియం ఆక్సిజన్‌ను తినేసేది. టంగ్‌స్టన్ తినదు. ఆక్సిజన్ తిరుగుతూ ఉంటే అదే టంగ్‌స్టన్‌ను కొడుతుంది. కాబట్టి బోరాన్ పూత వేయాలి. డైబోరేన్ అనే బోరాన్ వాయువును హీలియంలో కొద్ది శాతం కలిపి, గ్లో డిశ్చార్జి (పల్చటి వాయువులో మెరిసే విద్యుత్ ప్రవాహం) వెలిగించి, గోడ మీద పదుల నానోమీటర్ల పొర పేరుస్తారు. డైబోరేన్ విషం, గాలి తగిలితే అంటుకుంటుంది, గొట్టాలన్నీ రెండు పొరల్లో ఉండాలి.

స్ట్రైక్ పాయింట్ దగ్గర ఆ పొర కొన్ని షాట్లలోనే కొట్టుకుపోతుంది. నీడపట్టున చాలాకాలం ఉంటుంది, ఆక్సిజన్‌ను పట్టేది ఎక్కువగా అదే. కొట్టుకుపోయిన బోరాన్ ఎక్కడో చల్లటి మూలలో ట్రిటియంతో కలిసి పేరుకుంటుంది. కార్బన్ అంత దారుణం కాదు, కానీ సున్నా కూడా కాదు. ఐటర్‌లో డైవర్టర్‌ను 350 డిగ్రీలకు, మొదటి గోడను 240 డిగ్రీలకు వేడిచేసి ఇంధనాన్ని రాబట్టొచ్చు. బోరాన్ పొరలోంచి ఎక్కువ భాగం 300-400 మధ్య వదులుతుంది కాబట్టి డైవర్టర్ వైపు పనవుతుంది, గోడ వైపు అరకొర.

#36 గ్రాఫైట్‌భక్తుడు
టంగ్‌స్టన్ పెట్టి దాని మీద తేలిక మూలకం పూత వేసి, దాంట్లో ట్రిటియం ఇరుక్కుందని బాధపడటం. నేనేం అనడం లేదు.

#37 వాక్యూమ్‌వాసు
అనకుండానే చాలా అన్నావు. 😄 బోరాన్ వేసేది గ్రాముల లెక్కన. కార్బన్ డైవర్టర్ టన్నుల లెక్కన ఉంటుంది. పోలిక కాదు అది.

#38 లిథియంలీల
ద్రవలోహం ఎవరూ ఎత్తలేదు. సన్నని జల్లెడ లాంటి టంగ్‌స్టన్ మెష్‌లో లిథియం లేదా తగరం నింపితే అరిగినచోట దానంతట అదే నిండుతుంది. ఈ థ్రెడ్ మొత్తం అనవసరం.

#39 తొడుగుతాత
లిథియం 450 డిగ్రీలు దాటితే ఆవిరి విపరీతం, ట్రిటియాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. తగరం ఆ రెండిట్లోనూ మేలు, కానీ అది బరువైన మూలకం, కోర్‌లోకి పోతే చల్లారుస్తుంది. థ్రెడ్ అవసరం ఇంకా ఉంది తల్లీ.

#40 లెక్కలమారి
అన్నీ కలిపి మళ్ళీ కట్టా. టార్గెట్ ఫ్లక్స్ 10²⁴. ప్రశాంత సమయంలో నియాన్ ఒక శాతం, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 10 ఈవీ, సగటు ఈల్డ్ 10⁻⁴. ఈఎల్ఎమ్‌లు సమయంలో ఒక శాతం ఉంటాయనుకుని అక్కడ ఈల్డ్ 3×10⁻³. అవి సగటుకు 3×10⁻⁵ కలుపుతాయి. మొత్తం 1.3×10⁻⁴. స్థూలం 6.5 సెంటీమీటర్లు, తిరిగొచ్చేది 99 శాతం, నికరం 0.65 మిల్లీమీటరు. ప్లాస్మా ఏడాదిలో పదో వంతు కాలమే నడిస్తే 0.065. ఇప్పుడు బాగుందా?

#41 ఎల్మ్‌ఎల్లయ్య
ఈఎల్ఎమ్ సమయంలో ఫ్లక్స్ కూడా అదే ఉంచావు. అప్పుడు ఫ్లక్స్ పది రెట్లు పెరగొచ్చు. నీ 3×10⁻⁵ కాస్తా 3×10⁻⁴ అవుతుంది, ప్రశాంత సమయాన్ని మింగేస్తుంది. 16లో చెప్పింది అదే.

#42 కోడ్‌కూలీ
ఇంకొకటి. మిగిలిన 1 శాతం ఎక్కడికో పోయిందని తీసేశావు. అది స్ట్రైక్ పాయింట్ నుంచి ఇంకోచోటికి వలస పోతుంది. అంటే టార్గెట్‌లో ఒకచోట గుంట, ఇంకోచోట మెరక. సగటు తీస్తే ప్రమాదం లేనట్టు కనిపిస్తుంది. ఆయుష్షును నిర్ణయించేది గుంట లోతు.

#43 గోడమేస్త్రి
డైవర్టర్ ఒక్కదానికే కట్టావు. మెయిన్ ఛాంబర్ గోడను మరిచిపోయావు. అక్కడికి ప్రధానంగా వచ్చేవి ఛార్జి మార్పిడిలో (వేడి అయాన్ ఒక చల్లటి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కోవడంలో) పుట్టిన తటస్థ పరమాణువులు. ఆవేశం లేదు కాబట్టి తొడుగు వాటినేం చేయలేదు, అయస్కాంతమూ ఆపలేదు. లోపలి ప్లాస్మా వేడితో వందల ఈవీ నుంచి కిలో ఈవీ దాకా శక్తితో నేరుగా వచ్చి కొడతాయి. డైవర్టర్‌ను ఎంత చల్లార్చినా ఇవి తగ్గవు. పైగా గోడ దగ్గర ప్లాస్మా పల్చగా ఉంటుంది, కాబట్టి 9లో చెప్పిన పునర్నిక్షేపం అక్కడ దాదాపు లేదు. స్థూలమే నికరం.

శక్తిగల తటస్థాలు చదరపు మీటరుకు సెకనుకు 10¹⁸, ఈల్డ్ 3×10⁻³ అనుకో. ఆగకుండా ఏడాది నడిస్తే 1.5 మైక్రాన్లు. చూడ్డానికి ఆవగింజంత. కానీ 100 చదరపు మీటర్ల మీద ఒక్క మైక్రాన్ అంటే 1.9 కిలోల టంగ్‌స్టన్. గోడ వందలాది చదరపు మీటర్లు ఉంటుంది.

#44 లెక్కలమారి
గోడకు ఏమీ కాదు, కానీ కిలోల కొద్దీ టంగ్‌స్టన్ ఎక్కడో పేరుకుంటుంది. ఎక్కడ?

#45 మార్కర్‌మల్లేశు
జెట్‌లో గోడ నుంచి ఊడినదంతా ఎక్కువగా లోపలి డైవర్టర్ పైభాగపు టైళ్ళ మీద కనిపించింది. పొర మందమైతే పగిలి పెచ్చులు ఊడతాయి, పెచ్చులు ధూళి అవుతాయి. ధూళికి ఐటర్‌లో పరిమితి 1000 కిలోలు.

#46 లెక్కలమారి
అంటే ఈసారి లెక్క మందానికి కాదు, పెచ్చులకు కట్టాలి. ఈఎల్ఎమ్ ఫ్లక్స్ సరిచేసి, టార్గెట్‌ను పది ముక్కలు చేసి, గోడ వాటా కలిపి మళ్ళీ వస్తా.

#47 తొడుగుతాత
ఈల్డ్ పక్కన ఏ అయాన్, ఎంత శక్తి అన్నది రాసి తీసుకురా.